వెనక సీటు కింద వాసన

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవాళ్ళు. ముఖం మీద ముక్కేమీ పెద్దది కాదు, పదిమందికీ ఉన్నట్టే ఉండేది. దాని పనితనమే వేరు. కారు గేటు దాటి లోపలికి వస్తుండగానే, కూర్చున్న చోటు నుంచి లేవకుండా "క్లచ్ కాల్చేశాడు వీడు", "వైరు మాడుతోంది, ముందు బండి ఆపమను" అని కేకేసేవాడు. తీరా విప్పి చూస్తే అదే అయ్యేది. ఊరికి అవతలి వైపు నుంచి కూడా ఆ ముక్కు కోసమే బండ్లు వెతుక్కుంటూ వచ్చేవి.

అయితే ఆ ముక్కు కార్ల దగ్గర ఆగేది కాదు. మనుషుల్ని కూడా విప్పి చూసేది. ఎవడు ఎక్కడ దమ్ము కొట్టి వచ్చాడో, ఎవడు నిన్నటి చొక్కానే ఇవాళా తొడుక్కొచ్చాడో పసిగట్టేవాడు. పసిగట్టి ఊరుకున్నా బాగుండేది. నలుగురూ వినేలా చెప్పందే ఆయనకు తోచేది కాదు.

షెడ్డులో కార్లకు రంగు వేసే పెయింటరు ఒకడుండేవాడు. తాగుడు మానేశానని కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మానలేకపోయాడు. పొద్దున్నే ఒక్క గుక్క పడకపోతే వాడి చెయ్యి వణికేది, రంగు జారేది. ఒకరోజు ఆ కూతురు, తండ్రి ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని షెడ్డుకొచ్చింది. ముక్కు మేస్త్రి కారు కిందనుంచే అన్నాడు. "అమ్మాయ్, మీ నాన్న దగ్గరికి వెళ్ళేముందు ముక్కు మూసుకో. ఇవాళ కాస్త ఘాటుగానే పట్టించాడు." షెడ్డంతా గొల్లుమంది. ఆ పిల్ల కళ్ళజోడు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. పెయింటరు కారు తలుపు మీద ఉప్పుకాగితం రుద్దుకుంటూ ఉండిపోయాడు.

"నిజమేగా అన్నాను?" అన్నాడు ముక్కు మేస్త్రి, అదేదో ఘనకార్యమైనట్టు.

షెడ్డు ఆయన బావమరిదిది. భార్యకు తమ్ముడు. మామగారు పోతూ పోతూ షెడ్డును కొడుక్కి, పనిని అల్లుడికి అప్పజెప్పి పోయాడు. ఈ బావమరిదికి మీసాలు మొలిచే వయసులో సిగరెట్లు అలవాటయ్యాయి. వీధి చివర కాల్చి, ఆకులు నమిలి, నోరు కడుక్కుని ఇంటికొచ్చినా బావ పట్టేసేవాడు. పట్టి అత్తగారికి చెప్పేవాడు. ఆవిడ బెల్టు తీసేది. ఆ దెబ్బలు పడ్డ వీపుతోనే వాడు పెరిగి పెద్దవాడై, షెడ్డుకు యజమానై, గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. బావా బావమరుదుల సరసం కదా, ఎంత మాటన్నా నవ్వేసి ఊరుకోవాలి. "బావని ఓ మాట అనకపోతే నాకు ముద్ద దిగదు" అనేవాడు. ఆ నవ్వు కింద ఏముందో ఎవరూ తవ్వి చూడలేదు.

అలా ఉండగా ముక్కు మేస్త్రికి ఒకసారి జ్వరం తగిలింది. దాంతోపాటు ఊపిరాడని జలుబు. మంచమెక్కి, కొన్నాళ్ళకి కోలుకుని లేచాడు. జలుబు పోయింది. పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుని పోయింది.

ఆ సంగతి ఆయనకు షెడ్డులోనే తెలిసింది. గ్రీజు చేతులు కడుక్కోవడానికి మగ్గులో పెట్రోలు పోసుకున్నాడు. నీళ్ళలా అనిపించింది. ఎవరో వేళాకోళానికి నీళ్ళు పోశారనుకుని మగ్గు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. చెయ్యి ముంచాడు. చల్లగా, చురుక్కుమంటూ ఆరిపోయింది. పెట్రోలే. గబగబా వెళ్ళి గ్రీజు డబ్బా వాసన చూశాడు, పాత టైరు చూశాడు, చుట్టూ ఎవరూ లేరని నమ్మకం కుదిరాక తన చంకే చూసుకున్నాడు. ఎక్కడా ఏ వాసనా లేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ చెమటకీ వాసన లేదు.

డాక్టరు లైటు వేసి చూసి, "వస్తే దానంతట అదే వస్తుంది. రాకపోతే అలవాటు పడాలి" అని తరవాతి మనిషిని పిలిచాడు.

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్తాడు? ఆ షెడ్డులో తన నోట మాటపడని మనిషంటూ ఒక్కడు మిగిలి ఉంటేగా! అందుకని ఉపాయం ఆలోచించాడు. బండి రాగానే తనే ముందు అడిగేవాడు. "వాసన ఎప్పుడొస్తోంది? స్టార్టు చేయగానేనా, ఎత్తు ఎక్కేటప్పుడా?" వాళ్ళు చెప్పిందంతా విని, కళ్ళు మూసుకుని గట్టిగా రెండుసార్లు గాలి పీల్చి, వాళ్ళు చెప్పిందే తన మాటగా వాళ్ళకి తిప్పి చెప్పేవాడు. బండి యజమానులు ముక్కున వేలేసుకునేవాళ్ళు. చాలావరకు నెట్టుకొచ్చాడు.

భార్య దగ్గర మాత్రం ఆ ఆట సాగలేదు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడుతుంటే ఆయన వంటగదిలోనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. మర్నాడు పాడైపోయిన కూర వేడి చేసి కంచంలో వడ్డించింది. ఎదురుగా కూర్చుని, ఆయన తినే ప్రతి ముద్దనూ చూసింది.

"కూరెలా ఉంది?"

"బాగుంది. నీ చేతి వంటకేం!"

ఆవిడ కంచం ముందునుంచి లాగేసింది. "ఎన్నాళ్ళయిందండీ?"

"ఏది?"

"నాతో కూడా నాటకమేనా?"

ఆయన తల దించుకుని, ఒకే ఒక్క మాట అడిగాడు. "మీ తమ్ముడికి మాత్రం చెప్పకు." ఆవిడ సరేనంది. సరేనన్న మాట సరేనన్నట్టే ఉంది గానీ, మనిషి రోజంతా పెట్రోలు మధ్య పనిచేస్తాడు, ఎక్కడ కారుతోందో తెలియకుండా ఏ నిప్పు రవ్వో పడితే? ఆ దిగులు ఆవిడని నిలవనీయలేదు. తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పి, కాస్త కనిపెట్టుకుని ఉండరా అంది.

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. బావ సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు తమ్ముడు.

ఆ రోజుల్లోనే టైలరమ్మ కారు షెడ్డుకొచ్చింది. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టి, తన పాత కారులో వేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చే మనిషి. నడుస్తున్న కారు నడిరోడ్డు మీద ఆగిపోయిందని తోయించుకుంటూ తెచ్చింది. పెట్రోలు ట్యాంకులో ఉండే పంపు మోటారు పోయింది. వెనక సీటు ఎత్తితే దాని కింద ఓ రేకు మూత ఉంటుంది. ఆ మూత తీస్తే ట్యాంకు నోరు, అందులో మోటారు. ముక్కు మేస్త్రి పాతది లాగేసి కొత్తది దించి, రబ్బరు రింగు వేసి, పైనుంచి బిగించాడు. ఇదివరకైతే బిగించాక ముక్కు దగ్గర పెట్టి చూసేవాడు. ఆ రోజూ పెట్టాడు, అందరూ చూస్తున్నారని. పెట్టి "ఓకే" అన్నాడు. సీటు వేసేశాడు.

కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చింది. "మేస్త్రిగారూ, కారులో పెట్రోలు వాసనొస్తోంది."

ఆయన బానెట్ ఎత్తి గొట్టాలు కదిపాడు. కారులోకి తల పెట్టి కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. "ఏం లేదమ్మా. బంకులో పోయించేటప్పుడు పైన ఒలికి ఉంటుంది. అద్దాలు దించి తిప్పండి, పోతుంది."

ఆ తరవాత ఇంకోసారి వచ్చింది. ఈసారి వెనక సీటులో వాళ్ళ అత్తగారు కూడా ఉన్నారు. నడుం వంగిన మనిషి. చేతిరుమాలు మడత పెట్టి ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నాకు ఎప్పుడో ఒకప్పుడు లీలగా తెలుస్తుంది, అంతే" అంది టైలరమ్మ. "ఈవిడే దారి పొడుగునా గోల. తల తిరుగుతోందంటారు, కడుపులో దేవుతోందంటారు. నెలనెలా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి కంట్లో సూది వేయించాలి. ప్రతిసారీ ఇదే తంతు. కొడుకు నడిపితే మాత్రం ఏ వాసనా ఉండదు. నేను స్టీరింగు పట్టుకుంటేనే పుట్టుకొస్తుంది."

అప్పుడు ముక్కు మేస్త్రి తల లోపలికి పెట్టి ఆ పెద్దావిడ ముఖం ముందే గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. తెలియలేదని చెప్పుకునే దారీ లేదు. చుట్టూ చేరిన వాళ్ళందరూ తనవైపే చూస్తున్నారు. ఆయన నవ్వు మొహం పెట్టాడు.

"పెద్దవాళ్ళకి అలాగే అనిపిస్తుందమ్మా. వాళ్ళు వాసన చూసేది ముక్కుతో కాదు, మనసుతో. కోడలు కనపడగానే మొదలవుతుంది!"

షెడ్డు నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వింది, నెత్తిమీది మూట ఎవరో దించినట్టు. కారులో ఉన్న పెద్దావిడ రుమాలు కిందికి దించి, ఆయన ముఖం వంక కాసేపు చూసింది. మళ్ళీ రుమాలు పెట్టుకుంది.

ఆ మాట ఇంటికెళ్ళింది. ఇంటికెళ్ళి ఏం చేసిందో ముక్కు మేస్త్రికి చాలా తరవాత తెలిసింది. పెద్దావిడ వాసన అని నోరు తెరిస్తే చాలు, "మేస్త్రే చెప్పాడు, అదంతా మీ మనసులో ఉందట" అనేది కోడలు. కొడుకు కూడా "అమ్మా, ఊరికే రాద్ధాంతం చెయ్యకు" అన్నాడు. సూది వేయించాల్సిన రోజొచ్చింది. ఆ కారు ఎక్కనని పెద్దావిడ గుమ్మంలో కూర్చుంది. "ఎక్కితే ఎక్కండి, లేకపోతే మానెయ్యండి. నా పని చెడగొట్టుకుని బతిమాలుతూ కూర్చోలేను" అంది కోడలు. మానేసింది. ఆ పై నెలా మానేసింది. ఎడమ కన్నులో ఉన్న కాస్త చూపూ వెళ్ళిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఇంక సూదులు వేసి లాభం లేదన్నారు.

ఇక్కడ షెడ్డులో బావమరిది తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, ముక్కు మేస్త్రి రోజూ ఒకే బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పేవాడు. ఆ రోజు ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, పెయింటరు వెడల్పాటి రేకు పళ్ళెం నిండా పెట్రోలు పోసి ఆ బెంచీ కిందకి తోశాడు. షెడ్డంతా గుప్పుమంది. అందరూ గేటు దగ్గరికి తప్పుకుని వరసగా నిలబడ్డారు. బావమరిది ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

ముక్కు మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. కాళ్ళ మధ్య పెట్రోలు పళ్ళెం. డబ్బా విప్పి, అన్నం కలుపుకుని, తృప్తిగా తినసాగాడు.

"బావా, కూర ఘుమఘుమలాడుతోందే! ఇక్కడిదాకా వస్తోంది!" అన్నాడు బావమరిది, ముఖాన నవ్వు రాకుండా బిగబట్టి.

"మీ అక్క వంటంటే మాటలా? డబ్బా తీయగానే కొట్టింది వాసన."

ఒకడు నోట్లో గుడ్డ కుక్కుకుని గోడకి ఆనుకున్నాడు. సరిగ్గా ఆ సమయానికే గేటులోంచి టైలరమ్మ వచ్చింది. చేతుల మీద కొత్త బట్టలు మడతలతో ఉన్నాయి. అత్తగారు కారెక్కడం మానేశాక, కుట్టిన బట్టలు వెనక సీటులో పేర్చుకుని తిరుగుతోంది. పెట్రోలు కంపు కొడుతున్నాయని ఆ బట్టలు వెనక్కొచ్చాయి. మనిషి చెప్తే నమ్మని కోడలు, బట్టలు చెప్తే నమ్మింది.

గేటు దాటగానే ఆవిడ ముక్కు మూసుకుంది. "అబ్బా! ఏంటిక్కడ ఇంత పెట్రోలు కంపు?"

ముక్కు మేస్త్రి నోట్లో ముద్దతో తలెత్తాడు. అలవాటుగా గాలి పీల్చాడు. "ఎక్కడమ్మా? ఏమీ రావట్లేదే!"

ఇంక ఆగలేకపోయారు. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. కడుపులు పట్టుకుని కూలబడ్డవాళ్ళు కొందరు. పెయింటరు మాత్రం నవ్వలేదు. తీరిగ్గా నడిచొచ్చి, బెంచీ కిందనుంచి పళ్ళెం కాలితో ఇవతలికి లాగి ఆయన ముందు పెట్టాడు.

"ఇది ముక్కు కాదమ్మా. ముఖం బోసిపోకుండా దేవుడు తగిలించిన వస్తువు. చచ్చి చాలాకాలమైంది."

టైలరమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ నవ్వలేదు. పళ్ళెం వంక, చేతిలో బట్టల వంక, ఆయన మూతికంటిన మెతుకుల వంక చూసింది.

"మీకు వాసనే తెలియదా? తెలియకుండానే మా అత్తగారి ముఖం మీద ఆ మాటన్నారా? ఆవిడకి ఒక కన్ను పోయింది తెలుసా?"

నవ్వులు ఆగాయి. బావమరిది ఫోను జేబులో పడేసుకుని ముందుకొచ్చాడు. "అయ్యో అయ్యో. మీ బండి నేను స్వయంగా చూస్తానమ్మా. ఇంకెప్పుడూ ఆయన చెయ్యి పెట్టడు. నా మాట నమ్మండి." బావవైపు తిరిగి, అదే గొంతుతో, "నువ్వు కానీ బావా, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు.

ముక్కు మేస్త్రి సగం తిన్న డబ్బాకి మూత పెట్టేశాడు.

బావమరిది ఆ కారును చూశాడు, చూడటమంటే బానెట్ ఎత్తి, ఓ గొట్టం మార్చి, క్లిప్పులు బిగించి, అద్దానికి ఓ సెంటు సీసా వేలాడదీసి పంపాడు. తరవాత వారం ఆవిడ మళ్ళీ ఫోను చేసింది. ఇప్పుడు పెట్రోలూ, సెంటూ కలిసి కొడుతున్నాయట. "ఇంకో సీసా పెట్టిస్తానమ్మా" అన్నాడు బావమరిది.

షెడ్డుకి సెలవు రోజున ముక్కు మేస్త్రి పానాల సంచీ భుజాన వేసుకుని టైలరమ్మ ఇంటికెళ్ళాడు. ఆవిడ కిటికీ పక్కన మిషను తొక్కుతోంది. ఆయన్ని చూసి కాలు ఆపింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదమ్మా. ఆ మోటారు బిగించింది నేను. ఒక్కసారి చూసి పోతాను."

"ఏం పెట్టి చూస్తారు?"

లోపలి గదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "రానీ. ఆ గొంతు నాకు తెలుసు." గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది. ఎడమ కన్ను మీద తెల్లటి పొర. కుడి కన్నుతో ఆయన్ని వెతికి పట్టుకుంది.

"నువ్వేగా నేను మనసుతో వాసన చూస్తానన్నది?"

"నేనేనమ్మా."

"ఇప్పుడేం కావాలి?"

"మీ ముక్కు కావాలి."

పెద్దావిడ ఫక్కున నవ్వింది. అందులో దయ ఇసుమంతైనా లేదు. "అలాగే తీసుకో. ముందు నన్ను కారు దాకా నడిపించు. కోడలికి తీరికుండదు."

నడిపిస్తూ ఆయన అడిగాడు. ఎప్పుడు ఎక్కువగా వచ్చేది? పెద్దావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది. ట్యాంకు నిండుగా పోయించిన రోజు ప్రాణం తీస్తుంది. వాడుతున్నకొద్దీ తగ్గుతుంది. సగానికి దిగాక ఉండదు. మలుపు తిరిగినప్పుడల్లా కిందనుంచి, సరిగ్గా తను కూర్చున్న చోటు కిందనుంచే, గుప్పున లేస్తుంది.

"మరి అబ్బాయిగారు నడిపినప్పుడు?"

"వాడు నన్ను ముందు కూర్చోబెడతాడు. ఇది నడిపితే ముందు సీటులో దాని బట్టల మూటలుంటాయి. నేను మూట పాటి కూడా చెయ్యను కదా, వెనక్కి పంపుతుంది. ఇన్నాళ్ళలో ఈ మాట ఎవడైనా అడిగాడా?"

టైలరమ్మ గుమ్మంలో నిలబడి వింది. ముఖం తిప్పుకుంది.

ముక్కు మేస్త్రికి సగం సంగతి అక్కడే తేలిపోయింది. ఇంజనులో కారితే ట్యాంకు నిండుగా ఉన్నా, సగమున్నా ఒకేలా ఉండాలి. నిండినప్పుడే వస్తోందంటే ట్యాంకు పైభాగంలోనే ఎక్కడో సందు ఉంది. టైలరమ్మను బతిమాలి, బంకుకి వెళ్ళి ట్యాంకు నింపించుకు రమ్మన్నాడు. ఆవిడ విసుక్కుంటూనే వెళ్ళొచ్చింది. ఆయన తలుపులన్నీ బార్లా తీసి, బ్యాటరీ వైరు ఊడదీసి, వెనక సీటు ఎత్తి పక్కన పెట్టాడు. రేకు మూత తీశాడు. పెద్దావిడ తలుపు పట్టుకుని వంగింది, వెంటనే వెనక్కి తగ్గింది.

"అదే. చచ్చిన శవాన్ని దాచినట్టు దాచారు దీన్ని."

ఆయన మోటారు చుట్టూ గుడ్డతో పొడిగా తుడిచాడు. పొడి కాగితాన్ని పీలికలుగా చింపి ఆ అంచు చుట్టూ పేర్చాడు. తరవాత కారు ఓ పక్కన పట్టుకుని, తలుపు గడప మీద బరువేసి ఊపాడు. లోపల పెట్రోలు తొణికింది. ఎడమ వైపు పీలిక ఒక్కటి మెల్లగా ముదురు రంగుకు తిరిగింది. వేలు పెట్టాడు. చల్లగా తగిలింది.

అక్కడికి ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ పైన విప్పితే ఏం కనిపిస్తుందో ఆయనకు అప్పటికే తెలుసు. విప్పాడు. మోటారు కింద రబ్బరు రింగు ఒకచోట గాడిలో కూర్చోకుండా పైకి లేచి, అంచు కింద నలిగి, తెగి ఉంది. కొత్త మోటారు దించేటప్పుడు సరిగ్గా సర్దకుండా బిగిస్తే అలా అవుతుంది. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. చేసినా, వాసన చూస్తే ఆ పూటే బయటపడిపోయేది.

కొత్త రింగు సంచీలో ఉంది. గాడి శుభ్రంగా తుడిచి, వేలితో చుట్టూ తడుముతూ కూర్చోబెట్టి, అటూ ఇటూ సమంగా బిగించాడు. మళ్ళీ పొడి కాగితాలు పేర్చి, మళ్ళీ కారు ఊపాడు. కాగితాలు తెల్లగానే ఉన్నాయి. అయినా నమ్మకం చాలక తలెత్తి చూశాడు. పెద్దావిడ సీటు అంచున కూర్చుని, ట్యాంకు మీదకి వంగి, తొందరేమీ లేకుండా వాసన చూసింది.

"లేదు" అంది.

టైలరమ్మ దగ్గరికొచ్చింది. "ఇంతకీ ఏమిటది?"

ఆయన తెగిన రింగు అరచేతిలో పెట్టి చూపించాడు.

"దాన్ని అలా బిగించింది ఎవరు?"

అబద్ధం ఆడొచ్చు. రబ్బరు పాతబడిందనొచ్చు, కంపెనీ సరుకు మంచిది కాదనొచ్చు. షెడ్డులో అలాంటి మాటలు రోజూ పుడతాయి. నోటిదాకా వచ్చింది కూడా. పెద్దావిడ కుడి కన్ను ఆయన మీదే ఉంది.

"నేనే" అన్నాడు.

టైలరమ్మ తిట్టడానికి నోరు తెరిచింది గానీ, ఆవిడకంటే ముందే పెద్దావిడ చెయ్యి చాపింది. "అది ఇటివ్వు." రింగుని వేళ్ళతో తడిమి చూసుకుంది, నలిగిన చోట గోటితో గిచ్చింది. "ఇంతేనా? దీనికా?" అని, దాన్ని గుప్పిట్లో మూసుకుంది.

"అమ్మా, నన్ను..." అన్నాడు ముక్కు మేస్త్రి.

"నిన్నేమీ అనను. నీ ముక్కు నీకు పోయింది, నా కన్ను నాకు పోయింది. మధ్యలో ఒకర్తి ఉంది, దానికి రెండూ ఉన్నాయి. నా లెక్కలన్నీ దానితోనే." కోడలివైపు తిరిగింది. "విన్నావా? మనసులో కాదు, సీటు కింద ఉందట."

ఆ రింగుని పెద్దావిడ పారేయలేదు. మందుబిళ్ళల పక్కన పెట్టుకుంది. భోజనానికి కూర్చున్నప్పుడల్లా కంచం పక్కన పెట్టుకునేదట. కోడలు వడ్డిస్తున్నంతసేపూ ఆ రింగు అలా ఉండేది. కోడలు ఓపలేక ఒకసారి దాన్ని చెత్తలో పడేస్తే, "నా రెండో కన్ను కూడా పారేస్తావా?" అని వీధి వీధంతా వినేలా అరిచిందట. మళ్ళీ తెచ్చి పెట్టింది కోడలే.

మర్నాడు షెడ్డులో బావమరిది గల్లాపెట్టె ముందునుంచి లేచి వచ్చాడు. టైలరమ్మ అప్పటికే ఫోను చేసి కడిగేసింది.

"బావా, తప్పు మనదని నీ అంతట నువ్వే వాళ్ళింటికెళ్ళి చెప్పొచ్చావా?"

"నిజమేగా అన్నాను."

"ఆహా. నీ నిజాలు నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నీ నిజాలకి వాతలు నా వీపు మీద తేలాయి." అప్పటికి సరసం మాయమైంది. వాడి గొంతులో ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేని తేటదనం వచ్చింది. "పానాలు అక్కడ పెట్టేసి వెళ్ళు. అవి మా నాన్నవి."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. పెయింటరు పక్కకు జరిగి దారిచ్చాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య గదిలో ఫోను చూస్తోంది. గుమ్మంలో ఉండగానే ఆయనకు ఆ గొంతు వినిపించింది. "మీ అక్క వంటంటే మాటలా? డబ్బా తీయగానే కొట్టింది వాసన." తన గొంతే. వెనకే షెడ్డు నవ్వులు. వాటితో పాటు, గదిలోంచి, ఆవిడ నవ్వు. తమ్ముడు ఆ వీడియో చుట్టాలందరికీ పంపాడు. ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. ఫోను ఆపలేదు.

"నవ్వొచ్చిందండీ. ఏం చెయ్యను, నవ్వొచ్చింది" అంది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన చొక్కా కొక్కేనికి తగిలించి, వెళ్ళి పెరట్లో కూర్చున్నాడు. అక్కడికీ నవ్వు వినిపించింది, ఎక్కిళ్ళతో కలిసి.

కొత్త పని కోసం ఆయన ఎక్కువ తిరగలేదు. ఊరి చివర ఇంకో షెడ్డు ఉంది. గుమ్మంలోనే చెప్పేశాడు, నాకు వాసన తెలియదని. ఆ యజమాని ఎగాదిగా చూసి, మొదట పొమ్మందామనుకున్నాడు. అంతలో ఏదో తట్టి ముఖం వెలిగింది.

"అస్సలు తెలియదా?"

"అస్సలు తెలియదు."

"అయితే రేపట్నుంచి రా."

ఏసీ గొట్టాల్లో ఎలుకలు చచ్చి కుళ్ళిన కార్లు, వాన నీళ్ళల్లో మునిగి బూజు పట్టిన కార్లు, తాగినవాళ్ళు కక్కుకున్న టాక్సీలు. ఎవరూ దగ్గరికి పోలేని బండ్లన్నీ ఇప్పుడు ఆయనవే. మిగతావాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని అల్లంత దూరంలో నిలబడితే, ఆయన సీట్లు ఊడదీసి, లోపలికి దూరి, చేతికందిందల్లా తీసి బకెట్లో వేస్తాడు. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. బండి పూర్తయిందో లేదో వాసన చూసి చెప్పడానికి ఇంకొకడు వస్తాడు.

సాయంత్రం బస్సులో ఇంటికెళ్తాడు. మొదట్లో, ఎంత రద్దీగా ఉన్నా ఆయన వచ్చి నిలబడగానే ఎవరో ఒకరు లేచి సీటు ఇచ్చేవాళ్ళు. పక్కసీటువాళ్ళు కూడా లేచి ముందుకెళ్ళేవాళ్ళు. నెరిసిన తలకు మర్యాద ఇస్తున్నారనుకుని, ఒకటి రెండుసార్లు "కూర్చో బాబూ, పరవాలేదు" అని కూడా అన్నాడు. ఇప్పుడు అనడం లేదు. కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ అయిన పక్కసీటులో సంచీ పెట్టుకుంటాడు.